పక్క కంప్యూటర్‌లోని ఫోల్డర్ తెరుచుకోవడం లేదా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ. ఒకే గదిలో, ఒకే వైఫై మీద ఉన్న కంప్యూటర్లు ఒకదాని ఫైళ్లు ఒకటి తెరవలేకపోతున్నాయి. అందుకే పేజీ మొత్తం దానికే ఇచ్చేశాను. నెట్‌వర్కుల పనిలో నేను ఎక్కడికి వెళ్లినా చూసేది ఇదే: కారణం దొరక్కపోతే ఉన్న తాళాలన్నీ తీసి పడేస్తారు. ఫైర్‌వాల్ ఆపేస్తారు, పాస్‌వర్డ్ ఎత్తేస్తారు, ఫోల్డర్‌ని ఊరందరికీ రాసిచ్చేస్తారు. పని జరిగినా జరగకపోయినా ఆ తాళాలు మళ్లీ ఎవరూ వెయ్యరు. తీసే ముందు అసలు ఏ తలుపు దగ్గర ఆగిపోయామో చూసుకోవాలి. కంప్యూటర్ కనిపించడం లేదా, కనిపించినా చేరలేకపోతున్నామా, చేరాక లోపలికి రానివ్వడం లేదా? ఇవి మూడూ వేర్వేరు జబ్బులు, వేర్వేరు మందులు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా స్కూలు ఆఫీసులో నాలుగు కంప్యూటర్లున్నాయి. ఫీజు రిజిస్టర్లు, పిల్లల వివరాలు ఒక కంప్యూటర్‌లో పెట్టి మిగతావాటికి షేర్ చేశాం. ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేదు. ఈమధ్య వైఫై రౌటర్ మార్చారు. అప్పటినుంచి 'నెట్‌వర్క్' నొక్కితే ఖాళీగా ఉంటోంది. ఇంటర్నెట్ మాత్రం అన్నింటికీ బాగానే వస్తోంది. తెలిసినాయన వచ్చి ఫైర్‌వాల్ ఆపేశారు. ఫోల్డర్‌కి 'ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్' కూడా ఇచ్చారు. అయినా రాలేదు. పరీక్షల సమయం, చాలా టెన్షన్‌గా ఉంది.
– స్కూలు గుమాస్తా

జవాబు: ముందు ఫైర్‌వాల్ ఆన్ చెయ్యండి. ఆపినా పని కాలేదు కదా, ఆపి ఉంచితే ఒరిగేదేమీ లేదు. ఆ 'ఎవ్రీవన్' కూడా తీసెయ్యండి. పిల్లల వివరాలున్న ఫోల్డర్ అది. మీ వైఫై పాస్‌వర్డ్ తెలిసిన ఎవరైనా దాన్ని తుడిచిపెట్టేయగల స్థితిలో ఉంచకూడదు.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో నాకు పనికొచ్చిన ముక్క 'రౌటర్ మార్చారు' అన్నది. రౌటర్ మారితే విండోస్ దాన్ని పాత నెట్‌వర్క్‌గా గుర్తుపట్టదు, కొత్తదనుకుంటుంది. విండోస్ 11 కొత్త నెట్‌వర్క్‌ని మామూలుగా 'పబ్లిక్' కింద జమకడుతుంది, అంటే మీ కంప్యూటర్ ఏదో రైల్వే స్టేషన్ వైఫైలో ఉన్నట్టు లెక్క. అలాంటి చోట అది పక్కవాళ్లకి కనబడదు, పక్కవాళ్లు అడిగినా పలకదు. నాలుగు కంప్యూటర్లలోనూ సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ప్రాపర్టీస్‌లోకి వెళ్లి 'ప్రైవేట్' ఎంచుకోండి. తర్వాత అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్ తెరిచి, ప్రైవేట్ కింద 'నెట్‌వర్క్ డిస్కవరీ', 'ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్' రెండూ ఆన్ చెయ్యండి. మీ సమస్య ఇక్కడే తీరిపోతుందని నా అంచనా.

తీరకపోతే మాత్రం ఆ 'నెట్‌వర్క్' కిటికీని నమ్ముకోకండి. అందులో కంప్యూటర్ పేరు కనబడటానికీ, ఫోల్డర్ తెరుచుకోవడానికీ సంబంధం తక్కువ. పేర్ల జాబితా తయారుచేసే యంత్రాంగం వేరు, ఫైళ్లు మోసే ఎస్‌ఎంబీ అనే పద్ధతి వేరు. జాబితా ఖాళీగా ఉన్నా ఫోల్డర్ తెరుచుకోవచ్చు. ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టండి. 'ఐపీవీ4 అడ్రస్' అన్న వరుసలో 192.168.1.10 లాంటి అంకెలు కనిపిస్తాయి, రాసుకోండి. నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్ చిరునామా, అంటే ఐపీ, అదే. ఇప్పుడు మరో కంప్యూటర్ దగ్గర విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో \\192.168.1.10 అని కొట్టి ఎంటర్ చెయ్యండి. తర్వాత ఏం జరుగుతుందో జాగ్రత్తగా చూడండి, ఎందుకంటే నిర్ధారణ అంతా ఇక్కడే ఉంది.

ఫోల్డర్ తెరుచుకుంటే జబ్బు పేర్ల జాబితాలోనే ఉంది. ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లో సర్వీసెస్ తెరిచి 'ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్' అన్నదాన్ని ఆటోమేటిక్‌గా పెట్టి స్టార్ట్ చెయ్యండి. తన పేరు నలుగురికీ చాటుకునే పని దానిదే. పాస్‌వర్డ్ అడిగితే సంతోషించండి, దారి బాగానే ఉంది. ఏం ఇవ్వాలో కింది జవాబులో చెప్పాను. ఎర్రర్ వస్తే దాని చివరి అంకెలు చదవండి. 80070035 అని ముగిస్తే అసలు అక్కడిదాకా చేరలేదని. 80070005 అని ముగిస్తే చేరింది గానీ అనుమతి లేదని. చూడ్డానికి ఒకేలా ఉండే ఈ రెండు ఎర్రర్లనీ ఒకే గాటన కట్టడం వల్లే జనం గంటలు పోగొట్టుకుంటారు. చేరనే లేనప్పుడు ఫోల్డర్ అనుమతులు ఎన్ని మార్చినా లాభం లేదు. మీ తెలిసినాయన 'ఎవ్రీవన్' ఇచ్చినా ఫలితం రాకపోవడానికి కారణం ఇదే అయ్యుండొచ్చు.

చేరలేదని తేలితే రెండు కంప్యూటర్ల ఐపీలూ పక్కపక్కన రాసుకోండి. మొదటి మూడు సంఖ్యలూ ఒకటేనా? ఒకటి 192.168.1తో, ఇంకొకటి 192.168.0తో మొదలైతే అవి రెండు వేర్వేరు నెట్‌వర్కుల్లో ఉన్నట్టే. పాత పెట్టె తీసెయ్యకుండా కొత్త రౌటర్‌ని దాని వెనక తగిలించినప్పుడు ఇలా అవుతుంది: కేబుల్ కంప్యూటర్లు పాతదాని మీదే ఉండిపోతాయి, వైఫైవి కొత్తదాని మీదికి వెళ్తాయి, ఇంటర్నెట్ అందరికీ వస్తుంది గనక ఎవరికీ అనుమానం రాదు. 169.254తో మొదలైతే ఆ కంప్యూటర్‌కి రౌటర్ నుంచి చిరునామానే అందలేదు, కేబుల్ చూడండి. మూడు సంఖ్యలూ కలిసినా చేరకపోతే వైఫై పేరు చూడండి. కొత్త రౌటర్లలో 'గెస్ట్' అనే రెండో వైఫై ఉంటుంది. దాన్లో చేరినవాళ్లకి ఇంటర్నెట్ ఇస్తారు గానీ పక్క కంప్యూటర్‌ని చూడనివ్వరు. కొన్నింట్లో మామూలు వైఫైకే 'ఏపీ ఐసొలేషన్' అనే టిక్కు ఉంటుంది, అదీ అదే పని చేస్తుంది.

పక్క కంప్యూటర్ పలుకుతుందా అని అడిగే పింగ్ కమాండ్ కొట్టి చూసి 'జవాబు రాలేదు, నెట్‌వర్కే లేదు' అని తేల్చెయ్యకండి. పింగ్‌కి బదులివ్వకుండా ఫైర్‌వాల్ ఆపగలదు. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండ్‌కి ఆ ఐపీ, పోర్ట్ 445 ఇచ్చి (Test-NetConnection 192.168.1.10 -Port 445 అని) చూడండి. ఎస్‌ఎంబీ వచ్చిపోయేది ఆ పోర్ట్, అంటే ఆ నంబరు తలుపు గుండానే. చివరి వరుసలో 'ట్రూ' వస్తే దారి తెరిచి ఉంది.

పని అయ్యాక ఒకటి మాత్రం తప్పకుండా చెయ్యండి. రౌటర్ సెట్టింగ్స్‌లో ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌కి ఒకే ఐపీని కేటాయించే ఏర్పాటు ఉంటుంది, డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అంటారు. అది చేసుకుంటే రేపు ఐపీ మారి షార్ట్‌కట్లన్నీ చచ్చిపోయే బాధ ఉండదు.

ప్రశ్న: పక్క కంప్యూటర్ కనిపిస్తోంది. నొక్కితే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది. దానికి మేం రోజూ కొట్టే నాలుగంకెల పిన్ ఇస్తే తప్పంటోంది. రెండో కంప్యూటర్‌కి అసలు పాస్‌వర్డే పెట్టలేదు, ఖాళీగా వదిలి ఓకే నొక్కినా ఒప్పుకోదు. ఇంకేం ఇవ్వాలి?
– ఒక గృహిణి

జవాబు: ఆ పెట్టె అడుగుతున్నది మీ ఎదురుగా ఉన్న కంప్యూటర్ పాస్‌వర్డ్ కాదండీ, ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లోని ఖాతాది. పిన్ ఆ ఒక్క మెషీన్ ముందు కూర్చున్నవాళ్లకే పనికొస్తుంది, నెట్‌వర్క్ మీద చెల్లదు. పాస్‌వర్డ్ లేని ఖాతాల్ని కూడా విండోస్ నెట్‌వర్క్ మీద నుంచి రానివ్వదు. అది లోపం కాదు, కావాలని పెట్టిన కట్టడి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యే కంప్యూటరైతే యూజర్‌నేమ్ చోట పూర్తి ఈమెయిల్ ఇవ్వాలి, పాస్‌వర్డ్ ఆ ఈమెయిల్ ఖాతాది.

అయితే మీ ఈమెయిల్ పాస్‌వర్డ్ ఇంట్లో ప్రతి కంప్యూటర్‌లోనూ దాచుకోవడం నాకు నచ్చదు. నేను ఎవరికైనా చేసిపెట్టేది ఇలా ఉంటుంది. ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లో సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్‌లోకి వెళ్లి యాడ్ అకౌంట్ నొక్కండి. ఈమెయిల్ అడిగితే ఆ వ్యక్తి సైన్-ఇన్ వివరాలు లేవన్న లింకు, తర్వాత మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండా చేర్చమన్న లింకు ఎంచుకుని, ఇందుకోసమే ఒక చిన్న లోకల్ ఖాతా తెరవండి. మంచి పాస్‌వర్డ్ పెట్టండి. ఫోల్డర్‌కి అనుమతి ఆ ఖాతాకే ఇవ్వండి. మిగతా కంప్యూటర్లలో యూజర్‌నేమ్ రాసేటప్పుడు ముందు ఫోల్డర్ ఉన్న కంప్యూటర్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, ఆపైన ఖాతా పేరు రాయండి. కంప్యూటర్ పేరు ఎందుకంటే, అది లేకపోతే మీరు ఏ కంప్యూటర్‌లోని ఖాతా గురించి చెబుతున్నారో విండోస్ తప్పుగా అనుకునే అవకాశం ఉంది. 'రిమెంబర్ మై క్రెడెన్షియల్స్' టిక్కు పెడితే మళ్లీ అడగదు.

ఇంతా చేశాక కూడా పాత తప్పు పాస్‌వర్డే పట్టుకుని వేలాడుతుంటే కంట్రోల్ పానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్ కింద ఆ కంప్యూటర్ పేరుతో ఉన్నది తీసేసి, ఒకసారి సైన్ అవుట్ అయి రండి. ఒకే కంప్యూటర్‌కి ఒకేసారి రెండు ఖాతాల పేర్లతో కనెక్ట్ కావడం కుదరదని వచ్చే 1219 ఎర్రర్‌కి కూడా ఇదే మందు.

ప్రశ్న: ఆఫీసులో పాత నెట్‌వర్క్ డిస్కు ఒకటుంది. విండోస్ 11 అప్‌డేట్ అయ్యాక అది తెరుచుకోవడం లేదు. ఎస్‌ఎంబీ1 ఆన్ చెయ్యమని ఒకరు, రిజిస్ట్రీ మార్చమని ఇంకొకరు అంటున్నారు. ఏది మంచిది?
– అకౌంటెంట్

జవాబు: ఆ రెండింటిలో మొదటిది మాత్రం వద్దే వద్దు. ఎస్‌ఎంబీ1 అంటే, ఫైళ్లు మోసే ఎస్‌ఎంబీ పద్ధతిలో బాగా పాత వెర్షన్. 2017 మేలో వానాక్రై అనే పురుగు ప్రపంచమంతా పాకింది గుర్తుందా? బ్రిటన్‌లో ఆస్పత్రుల పనులు కూడా ఆగిపోయాయి. అది పాకింది ఎస్‌ఎంబీ1లోని కన్నం గుండానే. ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేదు, నెట్‌వర్క్‌లో ఒక మెషీన్‌కి తగిలితే పక్కదానికి అదే వెళ్లిపోయేది. మైక్రోసాఫ్ట్ ఆ కన్నాన్ని అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే మూసింది. అప్‌డేట్ చేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 1709 వెర్షన్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన వాటిలో ఎస్‌ఎంబీ1 మామూలుగా ఉండటం లేదు. ఆ తలుపు మళ్లీ తెరవమని నేను ఎవరికీ చెప్పను.

పైగా మీ డిస్కు ఆగిపోవడానికి కారణం అది కాకపోవచ్చు. 2024 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 11 24హెచ్2లో, ప్రో ఎడిషన్‌కి రెండు కట్టుబాట్లు పెట్టారు. పాస్‌వర్డ్ లేకుండా 'గెస్ట్'గా వెళ్లడం మానేసింది. అవతలి పరికరం పంపే ప్రతి సందేశం మీదా డిజిటల్ సంతకం ఉండాలంటోంది. పాత డిస్కుల్లో చాలావాటిని ఎవరైనా తెరిచేలా గెస్ట్ పద్ధతిలోనే వదిలేస్తారు. డిస్కు సెట్టింగ్స్ పేజీలోకి వెళ్లి యూజర్, పాస్‌వర్డ్ పెట్టండి. ఎస్‌ఎంబీ2 లేదా 3 ఎంచుకునే వీలుందేమో చూడండి. ఫర్మ్‌వేర్‌కి, అంటే డిస్కులోనే ఉండే సాఫ్ట్‌వేర్‌కి, అప్‌డేట్ ఉంటే వెయ్యండి. ఎక్కువ భాగం ఇక్కడే తెరుచుకుంటాయి. ఎస్‌ఎంబీ1 తప్ప ఇంకేదీ రాని డిస్కైతే, అందులోని డేటా ఇంకో చోటికి ఎత్తుకుని దాన్ని పదవీ విరమణ చేయించండి. అన్నేళ్ల పాత డిస్కు మీద లెక్కల పుస్తకాలు ఉండటమే నాకు భయం.

ప్రశ్న: షేర్ చేసిన ఫోల్డర్‌లో అన్ని ఫైళ్లూ తెరుచుకుంటాయి, ఒకే ఒక్కటి మాత్రం 'యాక్సెస్ డినైడ్' అంటుంది. ఆ కంప్యూటర్ దగ్గరికి వెళ్లి మేనేజర్ గారు తెరిస్తే మాత్రం తెరుచుకుంటుంది. వింతగా ఉంది.
– టైపిస్టు

జవాబు: ఆ ఫైల్‌ని మేనేజర్ గారు తన సొంత ఫోల్డర్ నుంచి కట్ చేసి ఇక్కడ పేస్ట్ చేశారా? చాలావరకు అదే అయ్యుంటుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌లో (విండోస్ మామూలుగా వాడే డ్రైవ్ పద్ధతి ఇదే) ఫైల్‌ని కాపీ చేస్తే, కొత్త ఫోల్డర్‌లో ఉన్న అనుమతులు దానికి వస్తాయి. అదే డ్రైవ్‌లో ఒక చోటి నుంచి ఇంకో చోటికి కట్ చేసి తెస్తే మాత్రం, పాత ఫోల్డర్ అనుమతుల్ని వెంట తెచ్చుకుంటుంది. మేనేజర్ గారి సొంత ఫోల్డర్‌లో మీ పేరు లేదు, అందుకే ఆ ఫైల్‌కి మీరు పరాయివాళ్లయ్యారు.

చూసి నిర్ధారించుకోవచ్చు. ఆ కంప్యూటర్‌లో ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, సెక్యూరిటీ ట్యాబ్ తెరవండి. పై గడిలో పేర్లుంటాయి. పక్కనున్న, బాగా తెరుచుకునే ఫైల్‌కి కూడా అదే కిటికీ తెరిచి రెండూ పోల్చండి. ఒకదాంట్లో మీ ఖాతా పేరుంటుంది, రెండోదాంట్లో ఉండదు. ఇంత స్పష్టంగా కంటికి కనబడే తప్పులు కంప్యూటర్లలో అరుదు. ఒక్క ఫైలే గనక, మేనేజర్ గారిని దాన్ని అదే ఫోల్డర్‌లో కాపీ చేసి, కాపీ మీ దగ్గర తెరుచుకుందని చూశాక పాతది తీసెయ్యమనండి. ఇకమీదట తెచ్చేటప్పుడు కట్ కాకుండా కాపీ చెయ్యమనండి. ఇలాంటివి వందల్లో ఉంటే ఫోల్డర్ సెక్యూరిటీలో అడ్వాన్స్‌డ్ తెరిచి, లోపలివాటన్నింటి అనుమతులూ ఈ ఫోల్డర్‌వాటితో మార్చమనే 'రీప్లేస్ ఆల్ చైల్డ్ ఆబ్జెక్ట్...' టిక్కు ఉంది. కానీ ఏ ఫైల్‌కైనా కావాలని ప్రత్యేకంగా పెట్టుకున్న అనుమతులుంటే అవీ పోతాయి.

ఇక్కడే ఇంకోటి చెప్పాలి. 'షేరింగ్' ట్యాబ్‌లో ఒక అనుమతి, 'సెక్యూరిటీ' ట్యాబ్‌లో ఇంకో అనుమతి ఉంటాయి. నెట్‌వర్క్ మీద నుంచి వచ్చేవాళ్లకి రెండూ వర్తిస్తాయి, రెండింట్లో ఏది కఠినంగా ఉంటే అదే చెల్లుతుంది. షేరింగ్‌లో 'రీడ్' మాత్రమే ఇచ్చి, సెక్యూరిటీలో 'ఫుల్ కంట్రోల్' ఇచ్చినా చదవడమే అవుతుంది. 'చూడగలుగుతున్నా, సేవ్ కావడం లేదు' అని రాసినవాళ్లందరికీ ఇదే జవాబు.

ప్రశ్న: ఎక్సెల్ ఫైల్ తెరిస్తే 'ఫలానావారు వాడుతున్నారు, లాక్ అయింది' అంటుంది. ఆ మనిషి సెలవులో ఉన్నారు!

జవాబు: ఎక్సెల్ ఫైల్ తెరవగానే పక్కనే ~$ గుర్తుతో మొదలయ్యే దాపుడు ఫైల్ ఒకటి పుడుతుంది. మూయగానే పోతుంది. తెరిచి ఉండగా వైఫై తెగినా, ల్యాప్‌టాప్ మూత వేసేసినా అది అలాగే మిగిలిపోవచ్చు. ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్, షేర్డ్ ఫోల్డర్స్, ఓపెన్ ఫైల్స్ చూడండి. ఎవరి ఖాతా పేరు మీద ఏ ఫైల్ తెరిచి ఉందో అక్కడ ఉంటుంది. నిజంగా ఎవరూ వాడటం లేదని తేలాకే దాన్ని మూయండి, లేకపోతే సేవ్ చెయ్యని వాళ్ల పని పోతుంది. ఎక్సెల్ చూపించే పేరుని గుడ్డిగా నమ్మకండి. అది ఆఫీస్ సెట్టింగ్స్‌లో రాసుకున్న పేరు. అన్ని కంప్యూటర్లలో 'అడ్మిన్' అనే ఉంటే ఎవరని వెతుకుతారు?

ప్రశ్న: జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేసుకున్న ఫోల్డర్ మామూలుగా కనిపిస్తోంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ని 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్'తో తెరిస్తే అందులో జెడ్ డ్రైవే లేదు.

జవాబు: మీరు మామూలుగా మ్యాప్ చేసిన డ్రైవ్ మీ మామూలు హోదాకి చెందింది. అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడిచే ప్రోగ్రామ్‌కి అది కనబడదు, విండోస్ ఈ రెండింటినీ వేరుగా చూస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో డ్రైవ్ అక్షరం బదులు \\ తో మొదలయ్యే పూర్తి దారి ఇవ్వండి.

ప్రశ్న: మాది కంప్యూటర్ శిక్షణ కేంద్రం. 30 సిస్టమ్స్ ఉన్నాయి. ప్రాక్టీస్ ఫైళ్లన్నీ విండోస్ 11 ఉన్న ఒక కంప్యూటర్‌లో పెట్టాం. పొద్దున కొందరికి తెరుచుకుంటాయి, తరగతి నిండాక మిగతావాళ్లకి రావు. ఎవరికి రావో కూడా రోజుకో రకంగా ఉంటుంది. నెట్‌వర్క్ కేబుళ్లన్నీ మార్చాం.
– శిక్షకుడు

జవాబు: కేబుళ్ల తప్పేమీ లేదు. మామూలు విండోస్ 10, 11 ఒకేసారి 20 పరికరాల కనెక్షన్లకే ఒప్పుకుంటుంది. ముందొచ్చినవాళ్లకి దొరుకుతుంది, 21వ కుర్చీలో కూర్చున్న పిల్లాడికి దొరకదు. ఏ సెట్టింగ్‌తోనూ దీన్ని పెంచే వీలు లేదు. నెట్‌వర్క్ డిస్కు గానీ, లినక్స్ కంప్యూటర్ మీద సాంబా అనే ఫైల్ షేరింగ్ సాఫ్ట్‌వేర్ గానీ పెట్టుకోండి, వాటికి ఈ హద్దు లేదు.

సిస్టమ్స్ అన్నీ ఒకదాన్ని చూసి ఒకటి క్లోన్ చేసినవైతే, అంటే ఒకదాని డిస్కుని యథాతథంగా మిగతావాటిలోకి దించినవైతే, ఇంకో జాగ్రత్త. ఆ నకలు తీసేముందు విండోస్‌ని సిద్ధంచేసే సిస్‌ప్రెప్ అనే పనిముట్టు వాడకుండా క్లోన్ చేస్తే అన్నింటికీ ఒకే అంతర్గత గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఇన్నాళ్లూ విండోస్ దాన్ని పట్టించుకోలేదు. 2025 ఆగస్టు చివరినుంచి వచ్చిన అప్‌డేట్లతో విండోస్ 11 24హెచ్2, 25హెచ్2 వెర్షన్లు పట్టించుకుంటున్నాయి. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా తప్పంటాయి. అప్పుడు పాస్‌వర్డ్‌లు మార్చుకుంటూ కూర్చోకండి. సిస్‌ప్రెప్ చేసిన ఇమేజ్‌తో (డిస్కు నకలుతో) మళ్లీ తయారుచేసుకోవడమే మార్గం.

ప్రశ్న: మా అమ్మాయి మ్యాక్‌లోని ఫోటోలు నా విండోస్ ల్యాప్‌టాప్‌లో చూడాలి. మ్యాక్ కనిపిస్తోంది గానీ, అమ్మాయి పాస్‌వర్డ్ సరిగ్గా ఇచ్చినా ఒప్పుకోవడం లేదు.
– రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: మ్యాక్‌లో ఫైల్ షేరింగ్ ఆన్ చేస్తే చాలదండీ. సిస్టమ్ సెట్టింగ్స్, జనరల్, షేరింగ్‌లోకి వెళ్లి ఫైల్ షేరింగ్ పక్కనున్న చిన్న గుండ్రటి గుర్తు నొక్కి, ఆప్షన్స్ తెరవండి. అక్కడ 'విండోస్ ఫైల్ షేరింగ్' కింద ఖాతాల పేర్లు ఉంటాయి. అమ్మాయి పేరు పక్కన టిక్కు పెట్టి తన పాస్‌వర్డ్ అక్కడే మళ్లీ కొట్టమనండి. ఇలా చేస్తే పాస్‌వర్డ్ కాస్త తక్కువ భద్రతతో దాచబడుతుందని మ్యాకే హెచ్చరిస్తుంది. అందుకే తన అసలు ఖాతాకి కాకుండా, షేరింగ్ కోసమే ఇంకో ఖాతా తెరిచి దానికి టిక్కు పెట్టడం మేలు. మ్యాక్‌లో ఖాతా రకం ఎంచుకునేటప్పుడు 'షేరింగ్ ఓన్లీ' అని ఒకటి ఉంటుంది, అది తీసుకోమనండి. దాంతో ఎవరూ మ్యాక్ ముందు కూర్చుని లాగిన్ కాలేరు, ఫోటోల ఫోల్డర్ మాత్రం మీకు తెరుచుకుంటుంది.